సూర్యుడు రాని ఊరికి రిహార్సల్

మా ఆయన్ని ఎక్కడికైనా చల్లటి ఊరికి తీసుకుపొమ్మని చెప్పినవాడు పళ్ళ డాక్టరు. నేను దోహాలో ఉమ్ ఘువైలినా అనే పేటలో ఒక డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్ చూస్తాను కాబట్టి ఆయన పళ్ళకు అక్కడ మర్యాద ఎక్కువ. ఆ రోజు డాక్టరు నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూసి, దవడ పళ్ళు బాగా అరిగిపోయాయి, నిద్రలో కొరుకుతున్నట్టున్నాడు అన్నాడు. నిద్రే పోని మనిషి నిద్రలో ఎలా కొరుకుతాడు డాక్టర్ అని అడిగాను. ఆయన కేరళ మనిషి, నెమ్మదస్తుడు. కాస్త ఆలోచించి, అయితే మేలుకునే కొరుకుతున్నాడు, అది ఇంకా చెడ్డది అన్నాడు.

రాత్రిళ్ళు పళ్ళకు వేసుకోవడానికి ఒక ప్లాస్టిక్ తొడుగు చేయించి ఇచ్చాడు. పళ్ళకు కూడా రక్షణ పరికరం ఉంటుందని తెలిసి మా ఆయన ముఖం వెలిగింది. డాక్టరు మాత్రం నన్ను పక్కకు పిలిచి, తొడుగు ఒక్కటే చాలదమ్మా, మనిషిని ఈ ఎండల్లోంచి ఒక రెండు రోజులు బయటికి లాగు, చలిగా, చుట్టూ చెట్లూ కొండలూ ఉన్నచోట పడుకోబెట్టు అన్నాడు. పళ్ళ డాక్టరు మాట పట్టుకుని దేశాలు తిరగడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. అప్పటికి మామూలు డాక్టర్లందరూ అయిపోయారు.

మా ఆయన భవనాలు కట్టే కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్. ఎవరూ పైనుంచి పడకుండా, ఎవరి మీదా ఏదీ పడకుండా, అన్నిటికన్నా ముఖ్యంగా ఎండదెబ్బకు ఎవరూ పడకుండా చూడటం ఆయన ఉద్యోగం. ఖతార్‌లో జూన్ వచ్చిందంటే మధ్యాహ్నం పూట బయట పని ఆపేయాలని రూలు. పోయినేడు జూలైలో, పని చేసుకోవచ్చని రూలు ఒప్పుకున్న పొద్దుటి పూటే, ఉక్క ఎక్కువై ఒక మనిషి పడిపోయాడు. జగిత్యాల దిక్కు వాడు, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మా ఆయనే అతణ్ణి నీడకు మోసుకుపోయి, బట్టలు తడిపి, చంకల్లో ఐసు ముక్కలు పెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా చెంపలు తడుతూ కూర్చున్నారట. వారం తిరక్కుండా అతను నవ్వుకుంటూ ఆసుపత్రి నుంచి బయటికి వచ్చాడు. పడ్డవాడు లేచాడు గానీ మా ఆయన ఇంకా లేవలేదు.

అప్పటినుంచి ఇంట్లో సైటు నడుస్తోంది. వేడినీ ఉక్కనూ కొలిచే మీటరు సైట్లో ఒకటి ఉండగా సొంతానికి ఇంకొకటి కొని మా బాల్కనీలో బట్టలారేసే తీగ పక్కన తగిలించారు. బాత్రూం గోడకు మూత్రం రంగుల చార్టు అంటించారు. లేత పసుపు అయితే మంచిది, ముదిరితే నీళ్ళు తాగాలి అని రంగులు వరుసగా ఉంటాయి. మా ఇంటికి భోజనానికి వచ్చిన ఆడవాళ్ళు చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, ఆ చార్టు చదివి, బయటికి వచ్చి నా వంక జాలిగా చూసేవాళ్ళు.

పడిపోయిన ఆ తమ్ముణ్ణి మళ్ళీ ఎండలోకి పంపేది లేదని పట్టుబట్టి, తెలిసినవాళ్ళందరినీ బతిమాలి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక పళ్ళ గోడౌన్లో, కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం వేయించారు. ఖతార్ మొత్తంలో ఎండ సోకని ఉద్యోగం అదేనని ఆయన లెక్క. అతను అప్పుడప్పుడు ఫోన్ చేసి నాతో చెప్పుకుంటాడు.

"సార్ పుణ్యమాని బతికిన అక్కా. గిప్పుడు సలికి సస్తున్న."

కంటి మీద కునుకు లేకపోవడం అని మనం ఊరికే అనేస్తాం. అదేమిటో నేను ఏడాదిగా పక్కన పడుకుని చూస్తున్నాను. ఆయన నిద్రపోరు, నిద్రపోతున్నట్టు పడుకుంటారు. ఆ దవడ కదిలే చప్పుడు వింటూ నేనూ మేలుకుని ఉంటాను. పసుపు పాలు ఇచ్చాను, అరికాళ్ళకు నూనె రాశాను, దిండ్లు మార్చాను, మొక్కులు మొక్కాను, చివరికి తిట్టాను కూడా. నాకు చెట్లు, కొండలు, మంచు ఏవీ అక్కర్లేదు. ఈ మనిషి ఒక్కసారి ఒళ్ళు మరిచి నిద్రపోతే చాలు. అవి ఉన్నచోటైతే నిద్రపోతాడంటే ఆ చోటికే పోదామనుకున్నాను.

ఇక్కడి మనవాళ్ళు చలి కావాలంటే జార్జియాకు పోతారు. వీసా సులువు, మంచులో నాలుగు ఫొటోలు దిగి వస్తారు. నేనూ అదే అన్నాను.

"ఆడ ఎండ ఉంటది," అన్నారు మా ఆయన.

"డిసెంబర్ల ఎండ మంచిదే గదా."

"ఎండ ఎండనే."

తర్వాత వారం రోజులు ఫోన్లో వెతికి, ప్రపంచ పటంలో ఇంక పైకి పోవడానికి చోటు లేనంత పైన, నార్వేలో ట్రోమ్సో అనే ఊరు పట్టుకొచ్చారు. చుట్టూ కొండలు, సముద్రం, అడవి, మంచు. ఆయనకు నచ్చింది అవేవీ కాదు.

"డిసెంబర్ల ఆ ఊరికి సూర్యుడే రాడట," అన్నారు. ఆ గొంతులో అంత సంతోషం మా పెళ్ళిలో కూడా వినలేదు.

"పొద్దుగాల కూడ రాడా?"

"పొద్దుగాలనేదే లేదు."

"మరి పోయి ఏం జూస్తం?"

"ఏం జూసుడు లేదు. గదే కావాలె."

డిసెంబర్‌లో ఖతార్ నేషనల్ డే సెలవు, ఆ పక్కనే శుక్ర, శనివారాలు. ఆ సందులో పోయి రావాలని ఆయన ప్లాను. రెండు విమానాలు మారాలి. ఎక్కడం, దిగడం, ఎదురుచూడటం అన్నీ పోను ఊళ్ళో మాకు మిగిలేది ఒక రాత్రి, ఒక పగలు. ఆ పగలు కూడా రాత్రే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు వీసా అప్పాయింట్‌మెంట్ కూడా దొరక్క ముందే ఆయన పని మొదలుపెట్టారు. అప్పుడు మేము ఆగస్టులో ఉన్నాం, బయట కుళాయి తిప్పితే టీ పెట్టుకునేంత వేడి నీళ్ళు వస్తున్నాయి. ముందే చెబుతున్నాను, ఆ ఊరికి మేము ఇంతవరకూ వెళ్ళలేదు. వెళ్ళడానికి పడ్డ పాట్లే ఇవన్నీ.

సేఫ్టీ వాళ్ళు ఏ పనికైనా ముందు అందులో ఏమేం అపాయాలు ఉన్నాయో రాసుకుంటారు. మా ఆయన మా విహారయాత్రకు కూడా రాశారు. జారిపడటం, దారి తప్పడం, చీకటి, పైకప్పుల మీద నుంచి మంచుగడ్డ జారి తల మీద పడటం, జింకలాంటి ఏదో జంతువు అడ్డం రావడం. ప్రతి దానికీ ఎదురుగా ఏం చేయాలో ఉంది. జంతువుకు ఎదురుగా "ఆగి, దారి ఇవ్వవలెను" అని రాశారు.

ఒక శుక్రవారం ఉదయం నన్ను హాల్లో నిలబెట్టి టూల్‌బాక్స్ టాక్ ఇచ్చారు. సైట్లో పని మొదలయ్యే ముందు కూలీలందరినీ పోగేసి జాగ్రత్తలు చెప్పే ఉపన్యాసానికి ఆ పేరు. ఆయన ఎదుట ఉన్న జనాభా నేనొక్కదాన్నే. అయినా నలభైమందికి వినబడేంత గట్టిగా మాట్లాడారు. ఆ ఊరి వీధులు ఫోన్లో చూపించి, ఏదన్నా ప్రమాదం జరిగితే ఇద్దరం ఎక్కడున్నా వచ్చి కలుసుకోవాల్సిన చోటు ఇదీ అని ఒక చెప్పుల దుకాణం ముందరి దీపస్తంభం చూపించారు.

"ఇద్దరం ఒక్కతాన్నే ఉంటం గదా, మళ్ళ కలుసుకునుడేంది?" అన్నాను.

"ఉన్నా గూడ. పాయింట్ ఉండాలె."

చివర్లో హాజరు పట్టీ మీద నాతో సంతకం కూడా పెట్టించుకున్నారు. నాకేదన్నా అయితే ఎవరికి చెప్పాలన్న చోట ఆయన నంబరు, ఆయనకు అయితే నా నంబరు, ఇద్దరికీ ఒకేసారి అయితే వాళ్ళ కూలీల క్యాంపు చూసుకునే క్యాంప్ బాస్ నంబరు రాశారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. అయినా నేను ఆపలేదు. ఆ పిచ్చి పని చేస్తున్నంతసేపూ ఆయన దవడ కాస్త వదులుగా ఉండటం చూశాను.

తర్వాత బట్టలు. దోహాలో ఆగస్టులో చలికోటు అడిగితే షాపువాళ్ళు ముందు మన ముఖం చూస్తారు, తర్వాత నీళ్ళ బాటిల్ ఇస్తారు. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో నాలుగు దుకాణాలు తిరిగాం. ఒకతను లోపలికి పోయి చాలాసేపు వెతికి, దుమ్ము దులుపుతూ చిన్నపిల్లల టోపీ ఒకటి తెచ్చి, ఇది సాగుతుంది అన్నాడు. నేను నవంబర్ దాకా ఆగుదామన్నాను. మా ఆయన ఆగలేదు. సైటుకు హెల్మెట్లూ బూట్లూ కొనే షాపుకు ఒక్కరే వెళ్ళి, ఫ్రీజర్ గోడౌన్లలో వేసుకునే మందపాటి సూట్లు రెండు తెచ్చారు. నారింజ రంగు. ఛాతీ మీద, వీపు మీద, మోకాళ్ళ మీద లైటు పడితే మెరిసే పట్టీలు. ఇవి వేసుకుని ఆ ఊళ్ళో దిగితే మమ్మల్ని చూసి రోడ్డు తవ్వడానికి వచ్చారనుకుంటారని అన్నాను. అంత చీకట్లో మనం కనబడటమే ముఖ్యం అన్నారు ఆయన.

ఇంతలో సంగతి బయటికి పొక్కింది. ముందు ఊరినుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. ఆమె దృష్టిలో గల్ఫంతా దుబాయే, మేము ఇన్నేళ్ళుగా ఖతార్‌లో ఉన్నామన్నది ఆమె మీద రుద్దలేకపోయాం.

"దుబాయ్‌ల లీవు దొరికితే ఇంటికి రావాలె గాని ఇంకో దేశం పోతరా వదినె? ఊరంత ఒక దారి అయితె మీది ఒక దారి. ఆడ ఏమన్న జీతం ఇస్తున్నరా?"

"లేదు. సల్లగుంటదని."

"సల్లగ కావాల్నంటే ఇంట్ల కూలర్ ఉన్నది. నీళ్ళు పోసి పెడ్త."

ఆమెకు కోపం రాలేదు, దిగులు పడింది. అన్నకు ఏదో జబ్బు చేసిందని, మేము దాస్తున్నామని అనుకుంది. ఒకందుకు ఆమె అనుకున్నది నిజమే కాబట్టి నేనూ గట్టిగా కాదనలేకపోయాను.

తర్వాత పార్శిళ్ళు రావడం మొదలైంది. గల్ఫ్‌లో ఒక ఆచారముంది. విమానం ఎక్కేవాడికి తన సామాను మీద సగమే హక్కు, మిగతా సగం తెలిసినవాళ్ళది. లీవు అన్న మాట చెవిన పడిందంటే పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, సెంటు సీసాలు, దుప్పట్లు నడుచుకుంటూ మన గుమ్మంలోకి వస్తాయి. కాదంటే తప్పు. మేము కూడా ఇన్నేళ్ళలో ఎంతమంది చేతుల్లో ఎన్ని పెట్టలేదు. కానీ లీవు పెట్టినవాడు ఇంటికి కాక ఇంకెక్కడికైనా పోవచ్చునన్న ఊహ ఇక్కడ ఎవరికీ ఉండదు. పై అంతస్తులో నిజామాబాద్ ముస్లిం ఆవిడ ఒకరున్నారు, నాకు అక్కలాంటిది. నిజామాబాద్‌లో ఉన్న చెల్లెలికి ఇవ్వమని ఒక మూట తెచ్చి సోఫా మీద పెట్టింది.

"బాజీ, మేం ఇండియా పోతలేం. నార్వే పోతున్నం. మస్తు ఉత్తరాన ఉంటది," అన్నాను.

"మాలూమ్ హై. మా నిజామాబాద్ భీ ఉత్తరమే కదా."

"ఇది ఇంకా ఉత్తరం."

"తో క్యా హువా. జాతే జాతే ఇచ్చేయ్."

దేశపటం తీసి చూపించాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూసింది. దోహా నుంచి ట్రోమ్సో ఒక వైపు, నిజామాబాద్ పూర్తిగా ఇంకో వైపు అని ఒప్పుకుంది. అయినా విమానం వాళ్ళను అడిగి చూడు, అడగడానికి ఏం పోయింది అని మూట అక్కడే వదిలి వెళ్ళిపోయింది. వారంలో మా హాల్లో కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. మా ఆయన ఆ మూటలను గోడ పక్కన వరుసగా పేర్చి, నడిచే దారికి అడ్డం రాకుండా నేల మీద పసుపు టేపు అంటించారు.

ఆ మూటలవాళ్ళలో ఆఖరుగా వచ్చింది కోల్డ్ స్టోరేజీ తమ్ముడు. సార్ లీవు మీద పోతున్నాడని పాత క్యాంపువాళ్ళు చెప్పారట. ఇంట్లోవాళ్ళ కోసం ఒక పెద్ద దుప్పటి, బామ్ సీసాలు పట్టుకుని శుక్రవారం పొద్దున వచ్చాడు. మా ఆయన అతన్ని చూడగానే ఎప్పటిలాగే ముందు కళ్ళు చూశారు, తర్వాత పెదాలు ఎండాయేమో చూశారు, తర్వాత నీళ్ళు తెమ్మన్నారు. అతను అలవాటైనవాడిలా గ్లాసు ఖాళీ చేసి చూపించాడు. నేను టీ ఇచ్చి, మేము ఇంటికి పోవట్లేదని, సార్‌కు చలి కావాలని డాక్టరు చెప్పాడని, ఎండే లేని ఊరు చూసుకున్నామని చెప్పాను. అతను టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాడని తెలుస్తోంది.

"సలి కావాలెనంటే గంత దూరం ఎందుకక్కా," అన్నాడు చివరికి. "నా డ్యూటీకి రండ్రి. ఎండ లేదు, ఏం లేదు. ఒద్దన్నా సలే."

నేను నవ్వేశాను. మా ఆయన నవ్వలేదు. ఆయన కళ్ళల్లో ఏదో వెలిగింది.

"ట్రయల్," అన్నారు. "పోయే ముందు ట్రయల్ చెయ్యాలె. సూట్లు పనిచేస్తయో లేదో ఎట్ల తెలుస్తది?"

ఆ మధ్యాహ్నమే బయలుదేరాం. ఇండస్ట్రియల్ ఏరియాలో ఆ టైముకు వీధిలో కుక్క కూడా ఉండదు. వర్క్‌షాపుల షట్టర్లు దించి ఉన్నాయి, తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆ ఎండలో మేమిద్దరం నారింజ రంగు ఫ్రీజర్ సూట్లు వేసుకుని, మెడదాకా జిప్పులు లాక్కుని, కారు దిగి నడిచాం. లోపలికి వెళ్ళాక వేసుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు, వేడి నుంచి చలిలోకి పోయేటప్పుడు రక్షణ ముందే ఉండాలట. ఒక బస్సు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి మమ్మల్ని కింది నుంచి పైదాకా చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు. చెమట నా వీపు మీంచి బూట్లలోకి కారుతుంటే ఈ మనిషిని కట్టుకున్న రోజును తలుచుకున్నాను. ఎండదెబ్బ గురించి ఖతార్ అంతటికీ చెప్పే మనిషి పెళ్ళాం ఎండదెబ్బకు పోయిందని రేపు చెప్పుకుంటారు అనుకున్నాను.

గోడౌన్ ఇన్‌చార్జిని తమ్ముడు ముందే అడిగి పెట్టాడు. అతను మా సూట్లు చూసి మేము ఏదో తనిఖీకి వచ్చామనుకుని ముందు లేచి నిలబడ్డాడు. విషయం విన్నాక కూర్చుని, యల్లా, పోయి రండి, పళ్ళు మాత్రం ముట్టుకోకండి అన్నాడు.

మొదట ఫ్రీజర్ గది చూస్తానన్నారు మా ఆయన. మైనస్ పద్దెనిమిది. తలుపు తీస్తే పొగ కొట్టింది. లోపల గడ్డకట్టిన కోడి మాంసం పెట్టెలు, ఎవరూ మాట్లాడని ఒక తెల్లటి వెలుతురు. ఆయన మీసం కళ్ళముందే తెల్లబడి, పదేళ్ళు పైబడినట్టు కనిపించారు. ఇంటినుంచి తెచ్చిన మీటరు ఆన్ చేస్తే అది ఒక్కసారి కూసి చచ్చిపోయింది. ఎండ కోసం చేసిన యంత్రం, ఈ అవమానం ఎక్కడ భరిస్తుంది. నా కనురెప్పలు ఒకదానికొకటి అంటుకుంటుంటే బయటికి లాక్కొచ్చాను.

పక్కది పళ్ళ గది. ప్లాస్టిక్ పట్టీల తెర తోసుకుని వెళ్ళాలి. నాలుగు డిగ్రీలు. ఇది బాగుంది. పైకప్పు దాకా యాపిల్ పెట్టెలు, ద్రాక్ష, పియర్, కివీ. డాక్టరు చెట్లూ కొండలూ కావాలన్నాడు కదా, చెట్లకు కాయాల్సినవన్నీ కొండల్లా పేర్చి ఉన్నాయి. ఎక్కడెక్కడి చలి దేశాల పేర్లో పెట్టెల మీద అచ్చువేసి ఉన్నాయి. గదంతా యాపిల్ వాసన, పైన ఫ్యాన్ల హోరు. ఎండ అనే మాటకు ఆ గదిలో అర్థం లేదు.

ఒక గంట ఇక్కడే ఉండి ఒంటిని అలవాటు చేయాలన్నారు మా ఆయన. పనిలేకుండా ఉండలేరు కాబట్టి చెక్క పలక మీద కూర్చుని, వీపు యాపిల్ పెట్టెలకు ఆనించి, నన్నూ తమ్ముణ్ణీ ఎదురుగా నిలబెట్టి చలిదెబ్బ మీద టాక్ మొదలుపెట్టారు. ఇది ఆయనకు కొత్త సబ్జెక్టు. ప్రయాణం కోసమని నాలుగు రోజులుగా చదువుతున్నారు.

"సలి వట్టినోనికి ముందుగాల వణుకొస్తది. అటెన్క మాట ముద్దయితది. అటెన్క నిద్రొస్తది. నిద్రొచ్చిందంటే డేంజర్. పండుకోనియ్యొద్దు. ఎట్లనన్న లేపాలె." వేలు చూపించి అన్నారు. "ఎవడన్న కండ్లు మూసిండంటే పక్కనోడు చూస్తు కూసోవద్దు. పక్కనోడు..."

ఆగారు. తర్వాతి మాట వెతుక్కుంటున్నారనుకున్నాను. తమ్ముడు కూడా అలాగే అనుకుని, చేతులు కట్టుకుని ఎదురుచూశాడు. ఆ పక్కనోడు ఏం చేయాలో మాకు తెలియలేదు. చూపుడువేలు కాసేపు గాల్లోనే ఉండి, మెల్లగా ఒళ్ళో వాలింది. తల యాపిల్ పెట్టె మీదికి ఒరిగింది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఈ మనిషి చలిదెబ్బ గురించి చెబుతూ చెబుతూ చలిదెబ్బకు పోయాడనుకున్నాను. వంగి భుజం పట్టుకోబోతుంటే తమ్ముడు నా చేయి అడ్డుకున్నాడు. తను మా ఆయన గ్లవుజు విప్పి అరచెయ్యి పట్టుకుని చూశాడు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, ఏడాది కింద తనను ఎలా చూశారో అలాగే కళ్ళకేసి, పెదాలకేసి చూశాడు.

"వణుకుతలేడక్కా. చెయ్యి ఏడిగనే ఉన్నది. నిద్రవొయ్యిండు, గంతే."

"నిద్రపోతనే డేంజర్ అన్నడు గదరా ఇప్పుడే."

"నాలుగు డిగ్రీలల్ల, గింత సూట్ల, ఎవ్వలు సావరక్కా. మేం అన్నం తిని రోజు గీడనే ఒక కునుకు తీస్తం." గొంతు తగ్గించాడు. "సార్‌కి చెప్పకు."

అప్పుడు ఆయన దవడ చూశాను. కదలడం లేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, కింది పెదవి వేలాడి, పసివాడిలా, ఏమాత్రం సభ్యత లేకుండా నిద్రపోతున్నారు. గురక కూడా మొదలైంది. ఏడాదిగా నేను పడ్డ అవస్థంతా గుర్తొచ్చి ముందు కోపం వచ్చింది. మెత్తటి పరుపు మీద, నా పక్కన, ఏసీ వేసుకుని పోని నిద్ర ఈ యాపిల్ పెట్టెల మీద పోతాడా అని. ఆ తర్వాత ఏడుపొచ్చింది. అక్కడ ఏడిస్తే చెంపలు కోసుకుపోతున్నంత చల్లగా ఉంటుందని తెలిసి కూడా ఆపుకోలేకపోయాను.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపే నేపాల్ అబ్బాయి పెట్టెలు దించడానికి వచ్చి, బ్రేకు వేసి చూశాడు. తమ్ముడు పెదాల మీద వేలు పెట్టి, హిందీలో సార్ సో రహా హై అన్నాడు. ఆ అబ్బాయి వెళ్ళి, బండ్లు రాకుండా అడ్డం పెట్టే నారింజ రంగు కోన్లు నాలుగు తెచ్చి మా ఆయన చుట్టూ జాగ్రత్తగా పేర్చి, వాటి మధ్య ఎరుపు తెలుపు టేపు కూడా కట్టాడు. "తడి నేల, జాగ్రత్త" అన్న పసుపు బోర్డు కూడా ఒకటి తెచ్చి కాళ్ళ దగ్గర నిలబెట్టాడు. ఆయన మేలుకుని ఉంటే ఆ ఏర్పాటుకు మెచ్చుకుని ఉండేవారు.

అరగంటకు నా కాలివేళ్ళు నావి కాకుండా పోయాయి. అయినా కదల్లేదు. తమ్ముడు ఒక ఖాళీ పండ్ల పెట్టె బోర్లించి, టేపు లోపలికి వెళ్ళి, మా ఆయనకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు బయటికి పోయి ఎండల నిలవడు అక్కా. నేను చూస్తుంట," అన్నాడు.

బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంత ఎండ అంత హాయిగా ఉంటుందని నాకెప్పుడూ తెలియదు. ఒళ్ళు కరిగి, వేళ్ళలోకి సూదులు గుచ్చినట్టు ప్రాణం వచ్చాక మళ్ళీ ప్లాస్టిక్ తెర తోసుకుని లోపలికి వెళ్ళాను. తమ్ముడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఫోన్ చూడటం లేదు, పక్క చూపులు చూడటం లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మా ఆయన ఛాతీ మీద మెరిసే పట్టీ పైకీ కిందికీ కదలడం చూస్తున్నాడు.

నా బూట్ల చప్పుడుకు కాబోలు, మా ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. కోన్లు కనబడ్డాయి, టేపు కనబడింది. టేపు కట్టి ఉన్నదంటే ఆయనకు ఒకటే అర్థం. లేవబోయి, లేవలేక పెట్టె పట్టుకున్నారు.

"ఎవడు పడ్డడు?" అని అడిగారు.

"ఎవ్వలు పడలే సార్," అన్నాడు తమ్ముడు. వంగి, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "నేను గీడనే ఉన్న. మంచిగున్న. పండుకోండ్రి."

మా ఆయన అతని ముఖంలోకి చాలాసేపు చూశారు. కళ్ళు చూశారు, పెదాలు చూశారు. తర్వాత తల మెల్లగా వెనక్కి వాల్చి, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.